నర్సింటికి నర్సు

పది దాటి రెండు నిమిషాలైంది. మంచం పక్కన స్టూలు మీద మంచినీళ్ల గ్లాసు సిద్ధంగా ఉంది, మూత కూడా పెట్టాను, ఇక ఆమె రావడమే తరువాయి. పదకొండింటికి వస్తుంది. పదకొండంటే పదకొండే, నిమిషం ముందూ కాదు, నిమిషం వెనకా కాదు, అందుకే ఆఫీసులో అందరం ఆ నర్సు పిల్లని గడియారం అంటాం. ఆ పేరు పెట్టింది నేనే, పెట్టిన రోజు తెగ మురిసిపోయాను, ఇవాళ మాత్రం నాలుక కరుచుకుంటున్నాను, ఎందుకంటే వేరే ఎవరైనా అయితే బస్సు దొరకలేదనో సందు కనుక్కోలేకపోయాననో ఇంకో అరగంట ఇచ్చేవాళ్లు. నాకున్నది సరిగ్గా యాభై ఎనిమిది నిమిషాలు. ఈ యాభై ఎనిమిది నిమిషాల్లో పాప లేవకూడదు, లేచినా ఏడవకూడదు, ఏడ్చినా అత్తయ్య గదిలోకి రాకూడదు, వచ్చినా పాలు తాగిందా అని అడగకూడదు. ఎనిమిది రోజుల పిల్ల నా పక్కన గుప్పిళ్లు బిగించుకుని పడుకుంది, ఎవరితోనో పందెం కాసినట్టు మొహం పెట్టి. నేను నర్సుని. ఆసుపత్రి నర్సుని కాదు, మున్సిపాలిటీ తరఫున తొలి కాన్పు తల్లుల ఇళ్లకి వెళ్లే నర్సుని, తొమ్మిదేళ్లుగా ఇదే పని, నాలుగొందల పైచిలుకు ఇళ్ల మెట్లెక్కాను, అన్ని ఇళ్లలోనూ పసిపిల్లల్ని తల్లుల రొమ్ముకి అందించి, ఇలా పట్టుకో, అలా కాదు, చూశావా ఎంత తేలికో అని చెప్పి వచ్చాను. అలాంటి నాకు నా కూతురికి పాలు పట్టడం రావట్లేదు. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు, నాలో నేను కూడా ఇంత సూటిగా ఇప్పుడే అనుకుంటున్నాను, అనుకోగానే చెవులు వేడెక్కాయి. అందుకని ఇవాళ నేను వేసుకున్న ఎత్తు ఏమిటంటే, గడియారం వస్తుంది, కూర్చుంటుంది, అన్నీ బాగున్నాయని రాసుకుంటుంది, వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర నేను నవ్వుతూ "ఇంక నువ్వు రానక్కర్లేదులే" అంటాను, అంతటితో పీడా పోతుంది.

గ్లాసే అన్నిటికన్నా ముఖ్యం. మేం ఏ ఇంటికి వెళ్లినా ముందు పిల్లని చూడం, బరువెంతని అడగం, కూర్చుని "కాసిని మంచినీళ్లు ఇస్తారా" అంటాం. దాహమేసి కాదు. నీళ్లడిగితే ఆ తల్లి లేవాలి, ఎలా లేస్తుందో చూడొచ్చు, కుట్లు నొప్పి పెడుతున్నాయా, గోడ పట్టుకుంటోందా, బిడ్డని ఎక్కడ పడుకోబెడుతోంది, ఎవరి చేతికిస్తోంది, ఇంట్లో వాళ్లని కేకేస్తే కదులుతారా లేక టీవీ ముందు నుంచే నువ్వే తీసుకో అంటారా, ఇన్నీ ఆ ఒక్క గ్లాసులో తెలిసిపోతాయి. ఈ కిటుకు కనిపెట్టింది నేనే, ఇవాళ నా మీదికి వస్తున్నవన్నీ నేను కనిపెట్టినవే. గడియారానికి నేర్పింది కూడా నేనే. కొత్తగా చేరినప్పుడు వెంటబెట్టుకుని ఒక ఇంటికి తీసుకెళ్లాను, బుద్ధిగా నీళ్లడిగింది, ఆ తల్లి తెచ్చిచ్చింది, ఈమె గటగటా తాగేసింది. బయటికొచ్చాక ఏం చూశావు అంటే, "నీళ్లు భలే చల్లగా ఉన్నాయక్కా" అంది. మర్నాటి నుంచి చూడటం నేర్చుకుంది గానీ తాగడం మాత్రం మానలేదు, ఇచ్చిన నీళ్లు వదిలేస్తే వాళ్లు నొచ్చుకుంటారని ఆరిళ్లలో ఆరు గ్లాసులు పూర్తి చేసి, ఏడో ఇంట్లో తల్లిని పలకరించకముందే బాత్రూం ఎటండీ అని అడిగింది. అది రెండేళ్ల కిందటి మాట. ఇప్పుడు మా ఆఫీసులో అందరికన్నా చురుకైన కన్ను ఆ పిల్లదే, అదే నా భయం. ఇక్కడి నుంచి వంటింటికి పదకొండు అడుగులు, నాలుగో అడుక్కే నా చెయ్యి గోడ మీదికి పోతోంది, అందుకే నీళ్లు ముందే తెచ్చిపెట్టుకున్నాను. అడగ్గానే చెయ్యి చాపి ఇలా అందిస్తాను.

చెయ్యి చాపి చూసుకుంటూ ఉండగానే అత్తయ్య వచ్చింది, కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది, వచ్చి మూత తీసి గ్లాసెత్తి గడగడా తాగేసింది. "పొద్దున్నించీ ఇల్లు తుడిచి తుడిచి గొంతెండిపోయిందే తల్లీ" అంది. ఆ గ్లాసు ఎవరి కోసమో చెప్పలేను, ఎందుకు పెట్టానో అంతకన్నా చెప్పలేను, నీళ్లు నములుతూ కూర్చున్నాను. "నర్సింటికి నర్సు రావడమేమిటో, చోద్యం కాకపోతే. పక్కింటావిడ అడిగింది, ఎవరో మున్సిపాలిటీ వాళ్లు వస్తున్నారట కదా, ఏమిటి సంగతని. నేను చెప్పేశాను, ఏదో ఆఫీసు లెక్క కోసం వస్తున్నారు గానీ మా కోడలికి ఒకళ్లు చెప్పేదేముంది, ఊళ్లో సగం మంది పిల్లలు దాని చేతుల మీదే పెరిగారు అని." అత్తయ్య ఈ మాట అంటున్నప్పుడు మొహం వెలిగిపోతుంది, పెళ్లైన కొత్తలో నేను చేసిన కూర నోట్లో పెట్టుకుని ఊరుకున్న మనిషి, నా ఉద్యోగాన్ని మాత్రం వీధి వీధంతా చాటుకుంటుంది. ఆ వెలుగు ఆర్పేయడానికి నాకు నోరు రాదు. పాప వైపు వంగి బుగ్గ మీద వేలితో తాకి "పాలు తాగిందా" అంది. తాగింది అత్తయ్యా అన్నాను. తొమ్మిదేళ్లలో నేను విన్న అబద్ధాల్లో ఎక్కువసార్లు విన్నది అదే, అదే గొంతు, అదే తొందర, చూపు మాత్రం దుప్పటి మీద. అత్తయ్య ఖాళీ గ్లాసు పట్టుకుని వెళ్లిపోయింది, నేను లేచాను, పదకొండు అడుగులు వెళ్లడానికి, పదకొండు అడుగులు రావడానికి, గోడకి నా చేతి మరక పడలేదు కదా అని వెనక్కి తిరిగి చూసుకుని మళ్లీ మూత పెట్టి కూర్చున్నాను. పది పదిహేను.

ఇదంతా ఎక్కడ మొదలైందంటే ఆసుపత్రిలోనే. కాన్పైన సాయంత్రం వార్డు నర్సు ఒక్కో మంచం దగ్గరా ఆగి పాలెలా పట్టాలో చూపిస్తూ వచ్చింది, ఎడమ పక్కన ఉన్న అమ్మాయికి పావుగంట చూపించింది, నా మంచం దగ్గరికి రాగానే నవ్వి, "మీకు మేం చెప్పేదేముంది మేడమ్" అని కుడి పక్కకి వెళ్లిపోయింది. నేను కూడా నవ్వాను, గొప్పగా తల కూడా ఊపాను, ఆ ఊపిన తలకాయని తీసుకెళ్లి ఎక్కడైనా పెట్టాలనిపిస్తోంది ఇప్పుడు. మర్నాడు ఇంకో ఆవిడ వచ్చింది, ఆవిడా అంతే. పైపెచ్చు ఎడమ పక్క అమ్మాయి నన్ను అడిగింది, అక్కా కాస్త చూడరా అని, నేను నా కుట్లు పట్టుకుని లేచి వెళ్లి ఆమె పాపని ఒక్క నిమిషంలో రొమ్ముకి అందించాను, ఆ పిల్ల చప్పరిస్తూ తాగింది, వెనక్కి వచ్చి నా పిల్లని తీసుకుంటే నా పిల్ల మూతి తిప్పుకుంది. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, ఏ అపార్టుమెంటులో ఎవరు ఇరుక్కున్నా ఆయనే పరిగెత్తాలి, మూడు రోజులు సెలవు పెట్టి నాలుగో రోజు వెళ్లిపోయాడు, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఏమైనా ఇబ్బందా" అన్నాడు, నేను జవాబు వెతుక్కునేలోపే ఆయనే, "నీకు తెలియందేముందిలే" అనుకుని చెప్పులేసుకున్నాడు. ఆయన తప్పేం లేదు, మా ఇంట్లో లిఫ్టు ఉండి అది ఆగిపోతే నేనూ అదే మాట అని టీవీ చూసుకుంటాను. నీకు తెలియందేముంది, నీకు చెప్పేదేముంది, ఈ ఎనిమిది రోజుల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో, విన్నప్పుడల్లా నోటికి ఒక పొర అడ్డం పడుతోంది.

నిన్న ఆఫీసుకి ఫోన్ చేశాను. మా గుమాస్తా ఎత్తాడు, మనిషి మంచివాడే, రూల్సు పుస్తకం తల కింద పెట్టుకుని పడుకునే రకం. రేపు మా ఇంటికి ఎవరినీ పంపకండి, ఆ టైము ఇంకో తల్లికి ఇవ్వండి, పాపం చాలామంది ఎదురు చూస్తున్నారు కదా అన్నాను, గొంతులో త్యాగం పొంగిపొర్లుతుండగా. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "కుదరదు మేడమ్, ఏడో రూలు. మొదటిసారి రావడం ఎవరికీ మానకూడదు. ఆ తర్వాత వద్దనుకుంటే తల్లే స్వయంగా, గుమ్మం దగ్గర, వచ్చిన నర్సుతో చెప్పాలి. ఫోన్లో చెల్లదు" అన్నాడు. ఆ మీదట గొంతు తగ్గించి, "ఇది మీరు రాయించిందే కదా మేడమ్" అన్నాడు. నేనే రాయించాను, నా గొయ్యి నేనే తవ్వుకోవడమంటే ఇదే కాబోలు, అదీ కౌన్సిల్ హాల్లో మైకు ముందు నిలబడి, అంతమంది చూస్తుండగా తవ్వుకున్నాను. అంతకుముందు మా రాకపోకలు అడిగినవాళ్ల ఇళ్లకే ఉండేవి, తొలి కాన్పు తల్లులందరి ఇళ్లకీ పంపాలా వద్దా అని ఆ రోజు మున్సిపల్ కౌన్సిల్లో చర్చ, నన్ను వచ్చి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. మైకు నా ఎత్తుకి లేదు, మునివేళ్ల మీద నిలబడ్డాను. ఇనుప సామాన్ల కొట్టున్న సభ్యుడొకాయన లేచాడు. "చదువుకున్నవాళ్లకీ, అన్నీ తెలిసినవాళ్లకీ కూడా ఎందుకమ్మా? రేపు నీకే పిల్ల పుడితే నీ ఇంటికీ ఒక నర్సుని పంపమంటావా?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వి, "పంపాలండీ, ముందు మా ఇంటికే పంపాలి, అందరికన్నా బాగా దాచగలిగేది నేనే కదా" అన్నాను. మళ్లీ నవ్వారు, చప్పట్లు కూడా కొట్టారు. నోటికొచ్చింది అనేశానే తప్ప దాని అర్థం నాకు మాత్రం ఆ రోజు తెలుసా ఏమన్నా.

ఛైర్‌పర్సన్ మాత్రం నవ్వలేదు, కళ్లజోడు పైకి తోసుకుని, "మీరు వెళ్లడం వల్ల ఉపయోగముందని మాకెలా తెలుస్తుంది" అని అడిగింది. నా చేతిలో కాగితాలున్నాయి, ఎంతమంది పిల్లల బరువు ఎంత పెరిగిందీ అందులో ఉంది, కానీ ఆ కాగితాలు చెమటకి తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి, విడదీసే ఓపిక లేక వేరే మాట చెప్పాను. మేం వచ్చేస్తున్నప్పుడు వాళ్లు గుమ్మం దాకా వచ్చి ఒక మాట అడుగుతారండీ, మళ్లీ ఎప్పుడొస్తారు అని, మొదట తలుపు సగమే తెరిచిన అమ్మాయి కూడా అడుగుతుంది, ఆ మాట అడగని గుమ్మం నేనింతవరకు చూడలేదు అన్నాను. ఆవిడ ఏదో రాసుకుంది. ఆ సాయంత్రమే తీర్మానమైంది, అందరి ఇళ్లకీ వెళ్లాలని, మా జీతాలు మున్సిపాలిటీయే ఇస్తుందని, దానికి ఏడో రూలు తోక. మెట్లు దిగుతుంటే ఇనుప కొట్టాయన వెనకే వచ్చి, అటూ ఇటూ చూసి, "మా అమ్మాయికి ఏడో నెలమ్మా, పేరెక్కడ రాయించాలి" అని అడిగాడు. ఆ అమ్మాయి ఇంటికి నేనే వెళ్లాను. నేను వెళ్లినప్పుడల్లా ఆయన కొట్టు కట్టేసి వచ్చి పక్కగదిలో కూర్చుని గోడకి చెవి ఆనించేవాడు, ఒకసారి దగ్గు ఆపుకోలేక దొరికిపోయాడు కూడా. అది తలుచుకుంటే ఇప్పుడూ నవ్వొస్తోంది, నవ్వితే కుట్లు లాగుతున్నాయి, లాగితే గ్లాసు గుర్తొస్తోంది. పది ఇరవై ఎనిమిది.

చార్టు ఒకసారి చూసుకోవాలి. ఏ టైముకి పాలు తాగింది, ఎంతసేపు తాగింది, ఎన్ని గుడ్డలు తడిపింది, మొదటి వారమంతా తల్లి రాసి ఉంచాలి, మేం వెళ్లగానే చూసేది అదే. ఒకసారి ఒక లెక్కల టీచరు ఇంటికి వెళ్లాను, చార్టు ముత్యాల్లాంటి అక్షరాలతో ఎంత ముచ్చటగా ఉందో, రెండు గంటలకోసారి, ఇరవై నిమిషాలు, రెండు గంటలకోసారి, ఇరవై నిమిషాలు, ఏడు రోజులూ ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి, ఎక్కడా ఒక్క మరక లేదు. మేడమ్, ఇదంతా ఇవాళ పొద్దున్న ఒక్కసారే కూర్చుని రాశారు కదూ అన్నాను మెల్లగా, ఆవిడ కిటికీ వైపు తిరిగింది, ఆ తర్వాత ఇంక ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆ కథ గడియారానికి ఎన్నోసార్లు చెప్పాను. అందుకే నా చార్టు నిన్న సాయంత్రం మూడు పెన్నులతో రాశాను, నీలం, నలుపు, మధ్యమధ్యలో మా ఆయన ఎర్ర పెన్ను, అక్కడక్కడా చేతిరాత వంకర చేశాను, ఒకచోట ఇరవై నిమిషాలు కొట్టేసి పదిహేడు అని దిద్దాను, నాలుగో రోజు మీద రెండు చుక్కలు నీళ్లు కూడా చల్లాను. చూసుకుంటే నాకే నమ్మబుద్ధేసింది. ఒక్కటి మాత్రం మార్చడానికి చెయ్యి రాలేదు, తడి గుడ్డల వరస. నిన్న ఐదు. ఆరో ఏడో ఉండాలి, ఈ పాటికి ఎనిమిదైనా ఉండొచ్చు. ఐదుని ఎనిమిదిగా దిద్దడం ఎంతసేపు, పైనొక సున్నా చుట్టి కిందొకటి చుడితే అయిపోతుంది, కానీ పెన్ను అక్కడికి వెళ్లి ఆగిపోయింది. మిగతావన్నీ నా గురించి చెప్పిన అబద్ధాలు, అది పిల్ల గురించి.

లేచింది. ముందు కాళ్లు కదిలాయి, తర్వాత మూతి అటూ ఇటూ వెతికింది, ఏడుపు ఇంకా రాలేదు, దారిలో ఉంది. అత్తయ్యకి వినపడకముందే ఎత్తుకున్నాను. మెడ కింద చెయ్యి, గడ్డం ముందు తగలాలి, నోరు పెద్దగా తెరిచేదాకా ఆగాలి, అన్నీ తెలుసు, ఏ ఒక్కటీ మర్చిపోలేదు, నోరు తెరిచింది, అందించాను, పట్టింది, అమ్మయ్య, కింది పెదవి బయటికి మడిచిందో లేదో చూద్దామని వంగాను, జారిపోయింది. మళ్లీ. పట్టింది, బుగ్గ సొట్ట పడుతోందా అని వంగాను, జారిపోయింది. మళ్లీ. ఇలా ఒక్కోసారి గంటసేపు, చివరికి అలిసిపోయి నిద్రపోతుంది, తాగి నిద్రపోయిందని అత్తయ్య సంబరపడుతుంది, ఆ నిద్ర ఏ నిద్రో నాకు తెలుసు. ఇప్పుడు కళ్లు తెరిచి నన్నే చూస్తోంది, కోపంగా కూడా లేదు, ఈవిడెవరో కొత్తగా చేరినట్టుంది, పని నేర్చుకునేదాకా ఓపిక పడదాం అన్నట్టుంది. నాకు భయంగా ఉంది. పుట్టినప్పుడు సరిగ్గా మూడు కిలోలు, ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు రెండు కిలోల ఎనిమిది వందలు, ఆ తర్వాత ఎంతో తెలియదు, నా సంచీ, తూకం సెలవు పెట్టినప్పుడే ఆఫీసులో అప్పజెప్పాను. అప్పజెప్పకపోయినా తూచేదాన్ని కాదేమో, తూస్తే తెలిసిపోతుంది. వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు నిన్నటికన్నా బాగా తెలుస్తున్నాయా, లేక నా చెయ్యే భయపడుతోందా. ఇదే ఇంకో ఇంట్లో అయితే ఈపాటికి ఆ తల్లి భుజం మీద చెయ్యి వేసి, ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగి ఉండేదాన్ని. ఎందుకు చెప్పరో నాకు తొమ్మిదేళ్లుగా అర్థం కాలేదు, పిచ్చి పిల్లలు, చెబితే పోయేదేముంది అనుకునేదాన్ని. ఏం పోతుందో ఇప్పుడు తెలుస్తోంది. అయినా సరే, గంటలో అయిపోతుంది, గుమ్మం దగ్గర ఆ ఒక్క మాట అనేస్తే చాలు, ఆ తర్వాత నేనూ నా పిల్లా ఏదో తంటాలు పడతాం, ఇంక నువ్వు రానక్కర్లేదులే, ఇంక నువ్వు రానక్కర్లేదులే, కాస్త నవ్వు కలిపి అనాలి, లేకపోతే అనుమానమొస్తుంది.

బెల్లు మోగింది. టైము చూడనక్కర్లేదు. "రామ్మా రా, మా కోడలు నీకోసమే చూస్తోంది" అని అత్తయ్య గొంతు, చెప్పులు విప్పిన చప్పుడు, సంచీ జిప్పు. గడియారం లోపలికొచ్చి కుర్చీ ఉన్నా కింద చాప మీద కూర్చుంది, తల్లికన్నా కిందుగా కూర్చోవాలని నేర్పింది నేనే. పాప వైపు చూడలేదు. నా వైపు చూసి, "బాగున్నారా అక్కా? కాసిని మంచినీళ్లు ఇస్తారా" అంది. నేను పొద్దున్నించీ సాధన చేసిన చెయ్యి చాచి గ్లాసు అందించాను. తీసుకుంది. మూత చూసింది, స్టూలు చూసింది, నన్ను చూసింది, గ్లాసు పక్కన పెట్టుకుంది.

"ఇవి తర్వాత తాగుతానక్కా. వంటింట్లోంచి ఇంకో గ్లాసు తెచ్చిపెట్టండి."

"ఇప్పుడే పట్టినవే అవి."

"తెలుసక్కా. పట్టింది మీరు. అందుకే."

నవ్వు ఆగలేదు, ఆ పిల్లకీ ఆగలేదు, ఇద్దరం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకుని నవ్వాం. సరే, లేచాను, పాపని మంచం నడుమ పడుకోబెట్టి దిండు అడ్డంపెట్టి నడిచాను, వీపు మీద ఆ పిల్ల చూపు తెలుస్తూనే ఉంది, ఒకటి, రెండు, మూడు, నాలుగో అడుక్కి చెయ్యి గోడ మీదికి దానంతటదే వెళ్లిపోయింది. తిరిగొచ్చేసరికి చార్టు ఆమె చేతిలో ఉంది. "కుట్లు ఏ వైపు?" అంది తలెత్తకుండా. ఎడమ వైపు అన్నాను. కాగితం అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పట్టి, "ఎనిమిది రోజుల పాప ఉన్న ఇంట్లో మూడు పెన్నులు ఎక్కడ దొరికాయక్కా? నేను చూసిన ఇళ్లలో ఉండేది ఒక్కటే పెన్ను, అది కూడా రోజులో సగంసేపు కనపడదు" అంది. తర్వాత ఆమె వేలు తడి గుడ్డల వరస మీద ఆగింది, ఐదు మీద. అక్కడ మాత్రం నవ్వలేదు. చార్టు మడిచి పక్కన పెట్టి, "పాలెలా తాగుతోంది?" అని అడిగి ఊరుకుంది.

ఊరుకుందంటే ఊరికే ఊరుకోలేదు, అడిగాక నోరు మూసుకుని మనసులో ఇరవై లెక్కపెట్టాలి, ఇరవైలోపు ఎవరైనా చెప్పేస్తారు, అది కూడా నేను నేర్పిన పాఠమే. ఆమె లెక్కపెడుతోందని నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకి తెలుసు. ఇరవైదాకా బిగబట్టి చూద్దామనుకున్నాను, నేను కూడా లెక్కపెట్టాను, వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది అంటుకోవట్లేదు, పదకొండు, పన్నెండు, పదమూడు.

"నాకు రావట్లేదే" అన్నాను.

అన్నాక ఆగలేదు, ఎనిమిది రోజులది ఒక్కసారే వచ్చేసింది, ముక్కూ కళ్లూ ఏకమై వచ్చేసింది, గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉందని తెలిసినా ఆగలేదు. గడియారం ఓదార్చలేదు, ఓదార్చకూడదు, పక్కన కూర్చోవాలంతే, కూర్చుంది. తర్వాత సంచీలోంచి తూకం తీసి, నా చేతులతోనే పాపని అందులో పెట్టించింది. రెండు కిలోల ఏడు వందల ఎనభై. ఇద్దరం ఆ అంకె వైపు చూశాం. "ఇంతకన్నా తక్కువ చూశానక్కా, మీరే చూపించారు. ఒళ్లు బాగుంది, చురుగ్గా ఉంది. ఇప్పుడు నా ముందు పట్టండి" అంది. ఎత్తుకున్నాను, మెడ కింద చెయ్యి, గడ్డం ముందు, నోరు తెరిచింది, పట్టింది, వంగాను, జారిపోయింది. ఇంకోసారి అంది. పట్టింది, వంగాను, జారిపోయింది. మూడోసారి నేను వంగబోతుంటే నా నుదుటి మీద చెయ్యి వేసి ఆపింది.

"చూడకండక్కా."

"చూడకపోతే ఎలా తెలుస్తుంది?"

"మీకు తెలియక్కర్లేదు. పెదవి మడిచిందా, బుగ్గ సొట్టపడిందా, అవన్నీ చూసేది నర్సు. మీరు చూడ్డానికి వంగినప్పుడల్లా పిల్ల నోట్లోంచి లాగేస్తున్నారు. చూసే పని నాది. మీరు వెనక్కి వాలండి."

తొమ్మిదేళ్లు ఎదుట కూర్చుని చూసిన దాన్ని, చూడటం తప్ప నా ఒంటికి ఇంకోటి తెలియదు, నా పిల్లకి నేను నర్సునై కూర్చున్నాను, తల్లి కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె నా వీపు వెనక రెండు దిళ్లు పెట్టింది, భుజాలు పట్టుకుని మెల్లగా వెనక్కి తోసింది, నేను వాలాను, పాప నా మీదికి వాలింది, నాకు ఫ్యాను రెక్కలు కనపడుతున్నాయి, దాని మీద దుమ్ము కనపడుతోంది, ఇంకేమీ కనపడట్లేదు. పట్టిందా అన్నాను. పట్టింది అంది. పెదవి అన్నాను. మీకెందుకు అంది. ఇంకా ఏదో అడగబోతుంటే వినపడింది, చిన్న గుటక. ఆగి, ఇంకోటి. ఎంతమంది తల్లులకి చెప్పానో, గుటక వినండి, గుటక పడితే పాలు దిగుతున్నట్టే అని, నేనెప్పుడూ దాన్ని పక్కనుంచి విన్నాను, గుండెల మీద విననేలేదు. ఇంకోటి. ఇంకోటి. బిగించిన గుప్పిలి ఒక్కో వేలే విడిపోయి నా మీద పరుచుకుంది, ఇంత సంతోషం ఇంత చిన్న చప్పుడులో ఎలా పడుతుందో నాకు తెలియదు.

అత్తయ్య మెల్లగా వచ్చి మంచం అంచున కూర్చుంది. "అయితే ఇన్నాళ్లూ సరిగా తాగలేదా?" అంది. లేదత్తయ్యా అన్నాను ఫ్యానుకే చెబుతున్నట్టు. తిడుతుందనుకున్నాను. "మీ ఆయనప్పుడు నాకూ పదిహేను రోజులు రాలేదే, బయటికి పొక్కితే పరువు పోతుందని పమిట కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు" అంది. ముప్పై నాలుగేళ్ల కిందటి సంగతి, ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరికీ తెలియదు. గడియారం ఇంకా చాప మీదే ఉంది, తలొంచుకుని రాసుకుంటోంది, రాయడం ఆపకుండానే పక్కనున్న గ్లాసు మూత తీసి, నేను దాచిపెట్టిన నీళ్లు మొత్తం తాగేసింది, ఇచ్చినవి వదిలేస్తే బాగోదు కదా. పగటిపూట రెండు గంటలకోసారి, రాత్రి మూడు గంటలకోసారి పట్టమంది, తడి గుడ్డలు తగ్గినా, పిల్ల మగతగా ఉన్నా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లమంది, చార్టు మాత్రం ఒక్క పెన్నుతో రాయమంది.

పాప నిద్రపోయింది, ఈసారి నిద్రే, గడ్డం మీద పాల చుక్క ఉంది, తుడవలేదు. గడియారం చెప్పులేసుకుంటోంది. గోడ పట్టుకునే నడిచి గుమ్మం దాకా వెళ్లాను, దాచేదేముంది ఇంక. ఆమె జేబులోంచి రూల్సు కాగితం తీసి, గంభీరంగా మొహం పెట్టి, "అక్కా, ఏడో రూలు. వద్దనుకుంటే మీరే స్వయంగా ఇక్కడే చెప్పాలి. ఏమైనా చెప్పాలా?" అంది. పొద్దున్నించీ వల్లె వేసిన మాట, నవ్వు కలిపి అనాల్సిన మాట, నోటి చివరే ఉంది. నోరు తెరిచాను.

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

ఆ పిల్ల నవ్వలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "ఎల్లుండి వచ్చి బరువు చూస్తానక్కా. పదకొండింటికి" అంది.

"పదింటికే రాకూడదూ?" అన్నాను.